పండిత రమాబాయి: సంతకము, సమర్పణము

ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనబోంట్లకు ఒక అలవాటు కలదు. క్రిందినుండి వచ్చిన నోటులోని నాలుగు పేరాలకు సమ్మతి తెలిపి, ఐదవ పేరాపై మన అభిప్రాయమును వేరుగా వ్రాసి, అడుగున సంతకము చేయుదుము. అందులో తప్పుపట్టువారు లేరు. అట్లు వ్రాయుటకే మనకు జీతము. మతవిషయమున మాత్రము ఈ పద్ధతిని సాధారణముగ ఎవరును సహింపరు. మతమును స్వీకరించువాడు దాని నంతటిని స్వీకరింపవలెననియు, కొంత పుచ్చుకొని కొంత విడుచుట అర్ధవిశ్వాసమనియు, అది అహంకారమునుండి పుట్టుననియు పెద్దలు చెప్పుదురు. క్రైస్తవ మతచరిత్రలో ఈ వివాదము పలుమారులు తలయెత్తినది. మన దేశమున దాని రెండు కొసలను తన జీవితముననే చూచిన స్త్రీ యొకతె కలదు. ఆమె పండిత రమాబాయి.

ఆమె పేరు మన చదువరులకు క్రొత్తది కాదు. సంస్కృత విదుషీమణి యనియు, వితంతువులకు విద్యాలయము నెలకొల్పినదనియు అందరు నెరుగుదురు. 1989లో భారత తపాలా శాఖవారు ఆమె స్మారకముగ బిళ్లను వెలువరించిరి. ఆమె విశ్వాసచరిత్ర మాత్రము అంతగా తెలియదు. ఇంగ్లండులోని క్రైస్తవ సన్యాసినులతో ఆమె జరపిన ఉత్తర ప్రత్యుత్తరములు ఏ. బి. షాగారి సంపాదకత్వమున 1977లో అచ్చుపడినవి. ఢిల్లీలో ఆ సంపుటము నా చేతికి వచ్చినపుడు, ఫైళ్లు చదివి చదివి అలసిన కన్నులతో తెరచితిని, ముగించువరకు మూయలేకపోతిని. నేను క్రైస్తవుడను కాను. ఐనను ఒక మనిషి తాను నమ్మినదేదో, నమ్మనిదేదో ఇంత నిజాయితీతో లెక్క చెప్పుట నేను మరియొకచోట చూడలేదు.

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల యను అరణ్యప్రాంతమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. ఆయన తీర్థయాత్ర చేయుచు గోదావరీ తీరమున పైఠణమున దిగినపుడు, అక్కడకు వచ్చిన మరియొక యాత్రికుడు తన తొమ్మిదేండ్ల కూతురు లక్ష్మీబాయిని ఆయనకిచ్చి వివాహము చేసెను. శాస్త్రిగారు ఆ బాలికకు సంస్కృతము నేర్పిరి. స్త్రీకి దేవభాష నేర్పుట అపచారమని బంధువులు, పండితులు కోపించిరి. ఆయన ఉడిపికి పోయి, అక్కడి విద్వాంసుల సభలో శాస్త్రప్రమాణములు చూపి తన పక్షమును నిలుపుకొనెను. ఆపై భార్యతో అడవిలో కాపురముండి విద్యార్థులకు పాఠములు చెప్పుచుండెను. వచ్చిపోవు అతిథులకు అన్నము పెట్టుటలోనే ఆస్తి హరించినది. రమాబాయికి ఆరు నెలల ప్రాయమున కుటుంబము ఇల్లు విడచి యాత్రకు బయలుదేరినది. పసిబిడ్డను బెత్తపు పెట్టెలో నుంచి కూలివాని తలపై మోయించిరట.

అటుపైన పదునారు సంవత్సరములు వారి జీవితము దేవాలయ మండపములలోను, నదీతీరములందును గడచినది. ఆయా క్షేత్రములలో పురాణము చదువుటయే వారి వృత్తి. తల్లి తెల్లవారుజామున కూతురిని లేపి పాఠము చెప్పెడిది. బాలికకు భాగవతము కంఠస్థమయ్యెను. శాస్త్రిగారికి భక్తి యనగా లెక్క చూచుకొని ఇచ్చునది కాదు. చేతనున్న ధనమంతయు దేవతలకును బ్రాహ్మణులకును సమర్పించినచో, దేవుడే తమ్ము రక్షించునని నమ్మి, మిగిలిన నగలును పాత్రలును కూడ దానము చేసెను.

అంతలో దక్షిణాదిని క్షామము వచ్చినది. ఈ కథలో మన నేల తగులునది ఇక్కడనే. చేత గవ్వ లేని ఆ కుటుంబము తిరుపతి ప్రాంతపు అడవిలో ఆకులలములు తిని కొన్ని దినములు ప్రాణములు నిలుపుకొనెను. అప్పటికే చూపు పోయిన శాస్త్రిగారు పుణ్యతీర్థమున మునిగి దేహము చాలించెదనని నిశ్చయించుకొనిరి. కుమారుడు శ్రీనివాసుడు కులాభిమానమును విడచి కూలిపని యైనను చేసి పోషించెదనని బ్రతిమాలుకొనగా ఆ యత్నమును మానుకొనిరి. పిదప కొలది దినములకే, 1874లో, ఆయన మరణించిరి. కడసారి కూతురిని దగ్గరకు తీసికొని, ఆమెను దేవుని చేతికి అప్పగించితిననియు, ఆమె ఆయనకే చెంది యావజ్జీవము ఆయననే సేవింపవలెననియు ఆదేశించిరి. తర్వాత కొలది నెలలలోనే తల్లియు, ఆపై అక్కయు పోయిరి. తల్లి పాడె మోయుటకు ఇద్దరు బ్రాహ్మణులు మాత్రమే వచ్చిరి. మూడవవాడు కొడుకు. నాలుగవ కొమ్మును పదునారేండ్ల రమాబాయి పట్టెను. పొట్టిపిల్ల యగుటచే భుజమున కందక తలపై మోసెను.

తండ్రి చివరి ఆదేశమును ఆమె జీవితాంతము మరువలేదు. కాని తండ్రి త్రోవలోనే నడువనులేదు. శాస్త్రములు చెప్పిన వ్రతములు, దానములు, ఉపవాసములు తమవారు ఒక్కటియు విడువక చేసిరి, ఫలము కనబడలేదు. అన్నాచెల్లెండ్రు అటుపైన కాలినడకను సుమారు నాలుగువేల మైళ్లు దేశమంతయు తిరిగిరి. హిమాలయ ప్రాంతమున ఒక సరస్సులో ఏడు కొండలు తేలుచుండుననియు, పాపము లేనివారు ప్రార్థించినచో అవి వారివైపు కదలి వచ్చుననియు విని అక్కడకు పోయిరి. నీటిలో మొసళ్లున్నవి, దిగరాదు అని పూజారులు బెదరించిరి. శ్రీనివాసుడు తెల్లవారుజామున ఎవరును చూడకుండ ఈదుకొనిపోయి చూడగా, అవి తెప్పలపై మన్ను పోసి చెట్లు నాటిన దిబ్బలు. కదలించువారు వెనుకనున్న మనుష్యులు. రమాబాయి వృద్ధాప్యమున కూడ ఈ సంగతిని మరువక వ్రాసికొనెను. మాటపై నమ్ముట ఆమె వలన కాకపోవుటకు మొదలు ఇక్కడ నున్నదని నాకు తోచుచున్నది.

1878లో వారు కలకత్తా చేరిరి. ఇరువదేండ్ల బ్రాహ్మణ కన్య సంస్కృతమున అనర్గళముగ ప్రసంగించుట చూచి అక్కడి పండితులు ఆశ్చర్యపడి, పరీక్షించి, పండిత, సరస్వతి యను బిరుదులొసగిరి. ఆ నగరముననే ఆమె క్రైస్తవుల ప్రార్థనను తొలిసారి చూచెను. వారు కుర్చీలవైపు తిరిగి మోకాళ్లూని కన్నులు మూసికొనగా, వీరు కుర్చీలనే పూజింతురు కాబోలునని అన్నాచెల్లెండ్రు తలచిరట. అక్కడ లభించిన సంస్కృత బైబిలు ఆమెకు రుచింపలేదు. కేశవచంద్ర సేనుగారు వేదమును చదువుమని గ్రంథమిచ్చిరి. అంతవరకు స్త్రీకి వేదాధికారము లేదని నమ్మిన ఆమె వేదమును చదివెను, ధర్మశాస్త్రములను చదివెను. అన్ని విషయములందును పరస్పరము విభేదించు ఆ గ్రంథములు స్త్రీని హీనముగ చూచుటలో మాత్రము ఏకీభవించుచున్నవని ఆమె కప్పుడు తోచెను.

1880లో అన్న ఢాకాలో మరణించెను. ఆ సంవత్సరముననే రమాబాయి బిపిన్ బిహారీ దాసు మేధావి యను బంగాళీ న్యాయవాదిని కులభేదమును పాటింపక రిజిస్టరు వివాహము చేసికొని సిల్చారులో కాపురముండెను. 1881 ఏప్రిల్‌లో కుమార్తె మనోరమ జన్మించెను. సిల్చారు గ్రంథాలయమున బంగాళీ భాషలోని లూకా సువార్త దొరకగా ఆమె దానిని ఇష్టముతో చదివెను. మిషను పాఠశాలలో చదివినవాడైనను భర్తకు ఆ మతముపై ఆదరము లేదు. భార్య దానివైపు మొగ్గుట ఆయనను బాధించెను. ఆ తర్క మెటు ముగిసియుండునో! 1882 ఫిబ్రవరి 4వ తేదీన ఆయన కలరాకు బలియయ్యెను. అంతకు రెండు నెలల లోపుననే, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించియుండిరి. దేశపు రెండు మూలలందు ఒకే గాయము.

పూనా చేరి రమాబాయి ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. రానడే, భాండార్కరు వంటి పెద్దలు ఆమెను ఆదరించిరి. ఆ సంవత్సరమే హంటరు విద్యా కమిషను ఎదుట సాక్ష్యమిచ్చి, స్త్రీలకు స్త్రీవైద్యులు, స్త్రీ ఉపాధ్యాయులు కావలెనని వాదించెను. తానే వైద్యము చదువ నెంచి, స్త్రీధర్మనీతి యను తన మరాఠీ గ్రంథపు విక్రయమున వచ్చిన సొమ్ముతో 1883లో బిడ్డతోను, ఆనందీబాయి భగత్ అను స్నేహితురాలితోను ఇంగ్లండునకు ఓడ యెక్కెను. మతము మారనని బయలుదేరుటకు ముందు మిత్రులకు ఆమె చెప్పియుండెను.

వాంటేజి పట్టణమున సెయింట్ మేరీ సన్యాసినుల ఆశ్రమము వారికి నిలయమయ్యెను. ఆ సన్యాసినులు లండనులోని ఫుల్హాములో నడపు ఒక శరణాలయమును ఆమె చూచెను. లోకము పతితలని త్రోసివేసిన స్త్రీలను ఆ సోదరీమణులు మమతతో చేరదీయుట ఆమె హృదయమును కదలించెను. ఎక్కడను కానని దయ ఇక్కడ ఏల కలిగెనని అడుగగా, వారు క్రీస్తు సమరయ స్త్రీని కలిసికొనిన ఘట్టమును చదివి చెప్పిరి. తన దేశస్థుడును, ఒకప్పుడు శాస్త్రియును ఐన నెహెమ్యా గోరేగారి వ్రాతలు ఆమె సందేహములను కొన్నింటిని తీర్చెను. ఇంతలో ఒక ఘోరము జరిగినది. తోడు వచ్చిన ఆనందీబాయి భగత్ వాంటేజిలో ఆత్మహత్య చేసికొనెను. ఆ దుఃఖము ఆరకముందే, 1883 సెప్టెంబరు 29వ తేదీన, రమాబాయి కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను.

ఇక్కడితో కథ ముగిసినదని వాంటేజి సన్యాసినులు తలచియుందురు. నిజమునకు ఇక్కడనే మొదలు. రమాబాయి చెల్టనహాము స్త్రీల కళాశాలకు పోయి, సంస్కృతము బోధించుచు ఆంగ్లవిద్య నభ్యసించెను. వినికిడి మందగించుటచే వైద్యవిద్య ఆశ వదలుకొనవలసివచ్చెను. కాని ఆలోచించుట మానలేదు. దేవుడు ముగ్గురైన ఒక్కడనుట ఆమె బుద్ధికి అందలేదు. ఒక్క దేవుడే కావలెనని వెదకి వచ్చినది ఆమె. క్రీస్తు కన్యకు జన్మించెనను విషయమున ఆమెకు సంశయము. ఈ సిద్ధాంతములు నమ్మనివారు నశింతురని చెప్పు అతనాసియ విశ్వాస ప్రమాణమును ఆమె నోటితో పలుకజాలనని స్పష్టముగ వ్రాసెను. సువార్తలలోని క్రీస్తును ప్రేమించెను. ఆయన బోధను శిరసావహించెను. బిషప్పులు కూర్చిన సూత్రములను మాత్రము తానే పరీక్షించి చూచుకొందుననెను.

ఆమె మతగురువు, మనోరమకు జ్ఞానమాతయు నైన సిస్టర్ జెరాల్డీను దీనిని సహింపలేకపోయెను. ఆమె దృష్టిలో సంఘము చెప్పినది ఒక్క ముద్ద. అందులో ఏరుకొనుటకు శిష్యురాలికి హక్కు లేదు. రమాబాయికి వినయము లేదనియు, అహంకారమే ఆమె రోగమనియు ఆ సన్యాసిని నిశ్చయించుకొనెను. వాదము చిన్న సంగతులకును పాకినది. రమాబాయి శాకాహారి, గ్రుడ్డు కలిసిన పుడ్డింగును ముట్టదు. అది కులగర్వపు శేషమని సన్యాసిని ఆక్షేపణ. భారతదేశపు సోదరీమణులు ధరించు శిలువపై లాటిను వాక్యమేల, మా పూర్వుల భాషయైన సంస్కృత మేల కాదు, లాటిను మరింత పవిత్రమా అని రమాబాయి ప్రశ్న. పురుషులకు కూడ ఆమె పాఠములు చెప్పవచ్చునని కళాశాలవారు తలపగా, భారతదేశపు బిషప్పులు అది ఆమె దేశస్థులలో అపకీర్తి తెచ్చునని అడ్డుపడిరి. పండిత సభలలో పురుషుల యెదుట శాస్త్రము చెప్పి పేరు పొందిన స్త్రీకి ఈ హెచ్చరిక! ఆమె ఎంత నొచ్చుకొనెనో ఆ జాబులలో కనబడును. పురోహితుల కాడి నిప్పుడే మెడపైనుండి దించుకొంటిని, మరియొక కాడి నెత్తుకొనజాలను అని ఆమె భావము.

ఈ వివాదమున కఠినమైన ఘట్టము బిడ్డను గూర్చినది. మనోరమకు ఐదేండ్లు నిండలేదు. ఆశ్రమమున పెరుగుచుండెను. త్రిత్వాది రహస్యములను సన్యాసినులు ఆమెకు బోధించుచుండిరి. తాను నమ్మజాలని దానిని తన బిడ్డకు నేర్పుటకు వీలులేదని తల్లి. బాప్తిస్మము పొందిన బిడ్డ సంఘమునకు చెందినది, తల్లి సంశయములకు కాదు అని జ్ఞానమాత. పరదేశమున, పరాయి ధనముపై బ్రతుకుచు, ఆశ్రయమిచ్చినవారితోనే ఈ పోరు సాగించుటకు ఎంత ధైర్యము కావలెను! నాలుగు మాటలకు తలయూపినచో సర్వము సుఖముగ జరిగిపోవును. ఆమె తలయూపలేదు. కళాశాల ప్రధానాధ్యాపిక డొరోతియా బీలుగారు మాత్రము ఆమె సందేహములకు ఓపికతో సుదీర్ఘమైన జాబులు వ్రాసి, ఆమెను తొందరపెట్టవలదని సన్యాసినికి హితవు చెప్పుచుండెను. ఆ ఇద్దరు స్త్రీలలో ఎవరు ఎక్కువ భక్తురాలో నేను చెప్పజాలను. ఎవరు మనిషిని ఎక్కువగ ఎరిగినవారో చెప్పగలను.

1886లో రమాబాయి అమెరికాకు పోయెను. ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషి వైద్యపట్టము పొందు సభకు ఆహ్వానముపై పోయిన ఆమె రెండేండ్లకు పైగా అక్కడ నుండి, ఊరూర ప్రసంగించెను. ఉన్నతకుల హిందూ స్త్రీని గూర్చి 1887లో ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. బోస్టనులో ఏర్పడిన రమాబాయి సంఘమువారు పదేండ్లపాటు వితంతువుల విద్యాలయమునకు సాయము చేయుదుమని వాగ్దానమిచ్చిరి. ఆ విద్యాలయమున మతబోధ యుండరాదని ఏర్పాటు. 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదా సదనము తెరవబడినది. మరుసటి యేడు పూనాకు మారినది. తర్వాత కర్వేగారిని వివాహమాడిన గోదూబాయి అక్కడి తొలి విద్యార్థినులలో ఒకతె.

రమాబాయి అంతరంగమున మార్పు 1891లో వచ్చినది. విలియం హాస్లము అను ఆంగ్ల మతాచార్యుడు వ్రాసిన స్వీయచరిత్ర ఆమె చేతబడెను. ఆయన ఏండ్ల తరబడి మతాచార్యుడై యుండి, ఒకనాడు వేదికపై తాను చేయుచున్న ప్రసంగము తననే తాకగా మారినవాడు. ఆ గ్రంథమును చదివి రమాబాయి తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఎనిమిదేండ్లుగా తాను క్రైస్తవురాలు. ఆ మతము తన పూర్వమతముకంటె ఉత్తమమని తర్కించి స్వీకరించినది. కాని తనకు లభించినది క్రైస్తవ మతము, క్రీస్తు కాదు. ఈ ఒక్క గ్రహింపు ఆమె మిగిలిన జీవితమును శాసించెను. తన పాండిత్యమును, తర్కమును, సత్కార్యములను ప్రక్కనుంచి, తన్ను తాను బేషరతుగ అప్పగించుకొనెను.

చూడబోగా సిస్టర్ జెరాల్డీను మాటయే నెగ్గినట్లున్నది. రమాబాయి తనలో లోపమున్నదని ఒప్పుకొన్నది గదా! కాని ఆ సన్యాసిని చూచిన లోపము వేరు, రమాబాయి కనుగొన్న లోపము వేరు. సంతకము కాని సూత్రములు ఇన్ని మిగిలినవని సన్యాసిని లెక్క. సూత్రములు కాదు, తానే మిగిలిపోయితినని రమాబాయి తెలిసికొన్నది. వాంటేజిలో ఆమె మొగమాటమునకు అన్నిటికిని సరేయని యుండినచో ఈ రెండవ సంగతి ఆమెకు ఎన్నటికిని తెలిసియుండదని నా నమ్మకము. పూర్వపు సందేహములు ఆమెను క్రమముగ వీడినవి. కాని ఏ బిషప్పు ఆజ్ఞకును లోబడి కాదు. అటుపైనను ఆమె ఏ ఒక్క చర్చి శాఖకును కట్టుబడలేదు.

సంపూర్ణ సమర్పణమునకు మూల్యము కలదు. అది వెంటనే చెల్లింపవలసివచ్చెను. శారదా సదనమున రమాబాయి తన గదిలో కుమార్తెతో ప్రార్థించునపుడు తలుపు మూయదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. సంగతి పొక్కినది. తిలకుగారి కేసరి పత్రిక తీవ్రముగ విమర్శించెను. 1893లో రానడే, భాండార్కరు ప్రభృతులు సలహాసంఘమునుండి విరమించుకొనిరి. ఇరువదిమందికి పైగా బాలికలను సంరక్షకులు తీసికొనిపోయిరి. ఈ వ్యవహారమున ఆమె అభిమానులు తిలకుగారిని మాత్రమే నిందింతురు. నాకు అది న్యాయముగ తోచదు. తలిదండ్రులకు మాట యిచ్చినపుడు, మూయని తలుపు కూడ ఒక ఆహ్వానమే. ఆమె మాత్రము, ఇతర బాలికలకు తమ మతమును పాటించు స్వేచ్ఛ యున్నట్లే తనకు తన గదిలో తన దేవుని కొలుచు స్వేచ్ఛ కలదని వాదించెను. రెండు మాటలును నిజమే. పూర్వపు రమాబాయి యైనచో తలుపు మూసియుండునేమో! ఆ సంస్కర్తలు ఆమె పాండిత్యమును, సేవను, పట్టుదలను కోరిరి. ఆమె దేవుని మాత్రము విడిగా నుంచుమనిరి. వారిదియు ఏరుకొనుటయే. అందుకు వారిని తప్పుపట్టలేము. ఆమె యిక ఏరి యిచ్చుటకు వీలుకాని స్థితికి వచ్చియుండెను.

1896–97లో మధ్య పరగణాలలో క్షామము. ఆ వార్త విన్నంతనే తిరుపతి అడవిలోని దినములు ఆమె కన్నుల యెదుట నిలిచినవి. చేత సొమ్ములేదు. ఐనను బయలుదేరి పోయి, ఎముకల గూళ్లయి, దుష్టుల పాలుకానున్న బాలికలను, వితంతువులను వందలకొలది వెంటబెట్టుకొని వచ్చెను. పూనాకు తూర్పున సుమారు అరువది కిలోమీటర్ల దూరమున కేడ్‌గావ్‌లో ఆమె కొనియుంచిన పొలమున వారికి పాకలు వేయబడినవి. అదియే ముక్తి సదనము. పూనాలో ప్లేగు వ్యాపించి, ఆసుపత్రులలో స్త్రీలకు రక్షణ లేకపోగా ఆమె ప్రభుత్వమును పత్రికలో బాహాటముగ విమర్శించెను. విషయము ఇంగ్లండు పార్లమెంటువరకు పోయినది. బొంబాయి గవర్నరు ఆరోపణలు నిరాధారములని జవాబిచ్చిరి. అట్టి జవాబులు ఎట్లు తయారగునో మన సంచిక చదువరులకు నేను వివరింప నక్కరలేదు. క్రైస్తవురాలైనంత మాత్రమున ఆమె దొరలకు దాసి కాలేదనుటకు ఇది సాక్ష్యము.

1900లో గుజరాతు క్షామబాధితులు చేరుటతో ముక్తి సదనమున రెండువేలకు చేరువగ జనమైరి. ఇందరికి అన్నము పెట్టుటకు స్థిరమైన ఆదాయము లేదు. తండ్రివలె ఈమెయు దేవుడే ఇచ్చునని నమ్మి చేతనున్నది వ్యయము చేసెను. ఐతే తండ్రి దానమిచ్చి మండపమున కూర్చుండెను. కూతురు బావులు త్రవ్వించి, పొలము దున్నించి, మగ్గములు, గానుగ, ముద్రణాలయము నెలకొల్పెను. పతితలైన స్త్రీలకు కృపా సదనమును తెరచెను. ఫుల్హాములో చూచినది ఆమె మరువలేదు. అంధులకు చుక్కల లిపిని మనోరమ నేర్పెను. 1905లో అక్కడ ప్రార్థనా సమావేశములలో గొప్ప భక్త్యావేశము చెలరేగి, దూరదేశములవరకు ఆ వార్త పాకినది.

చివరి పదునేడు, పదునెనిమిది సంవత్సరములు ఆమె మరియొక మహాకార్యమునకు వెచ్చించెను. అప్పటి మరాఠీ బైబిలు భాష పామర స్త్రీలకు బోధపడుట లేదని, తానే హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి బైబిలు నంతటిని తిరిగి అనువదింప మొదలిడెను. సంస్కృత సరస్వతి యనిపించుకొన్న స్త్రీ ఈ అనువాదమున సంస్కృత సమాసములను వీలైనంత త్రోసిపుచ్చెను. పూర్వమత వాసన గల మాటలను వెదకి వెదకి విడచెను. శిలువపై సంస్కృతము కావలెనని పోరాడిన రమాబాయి యేనా ఈమె యని నేను కొంతసేపు విచారించితిని. ఆమె పూర్వమిత్రులకును అట్టి విచారమే యుండెడిది. వారికి తెలిసిన తార్కికురాలు, సంస్కర్త, కేడ్‌గావ్ గోడల వెనుక మరుగుపడినదని వారి బాధ. సమర్పణమున ఏదో కొంత కాలిపోవును కాబోలు. పోయినది ఎక్కువయా, మిగిలినది ఎక్కువయా యని తూచుటకు నా వద్ద త్రాసు లేదు. పాకలలో కూర్చుండి అక్షరములు దిద్దుకొనుచున్న క్షామబాలికలకు ఆ భాషయే అర్థమగునని మాత్రము ఆమె యెరుగును.

1919లో ప్రభుత్వమువారు కైసర్-ఇ-హింద్ స్వర్ణపతకము నొసగిరి. 1921లో, తన తర్వాత సంస్థను నడపునని ఆశపెట్టుకొన్న మనోరమ నలువదేండ్ల ప్రాయమున మరణించెను. వాంటేజిలో ఎవరి మనస్సు ఎవరిదని పెద్దలు కలహించిన ఆ బిడ్డ, పెరిగి తల్లి పనినే తన పనిగా చేసికొనియుండెను. ఆ తల్లి ప్రూపులు దిద్దుట మానలేదు. అనువాదమును ముగించి, 1922 ఏప్రిల్ 5వ తేదీన కేడ్‌గావ్‌లోనే కన్నుమూసెను.

ఆ బైబిలు 1924లో వెలువడినది. దాని అచ్చుపని ముక్తి సదనపు ముద్రణాలయముననే జరిగినది. అచ్చు కూర్చినవారు స్త్రీలు. అక్కడకు వచ్చునాటికి వారిలో పెక్కురకు అక్షరములు రావు.